చెరి సగం పుస్తకం

మా మామయ్యగారూ నేనూ ఒకే పరీక్షకు కూర్చున్న ఎండాకాలం అది. ఆయనకు అరవై తొమ్మిదేళ్లు, నాకు నలభై ఒకటి.

మామయ్యగారు నలభై ఏళ్లు రబ్బరు స్టాంపులు చెక్కిన మనిషి. కోర్టు వీధిలో మా దుకాణం, దాని మీద మా ఇల్లు. ఆ వీధిలోని లాయర్లు, నోటరీలు, గుమాస్తాలు అందరి పేర్లూ ఆయన చేతిలో తిరగబడి పుట్టినవే. అందుకే వీధంతా ఆయన్ని ముద్రల మాస్టారు అనేది. దుకాణం మా ఆయనకు అప్పజెప్పాక మాస్టారికి పొద్దు గడవడం కష్టమైంది. ఒకరోజు పేపర్లో, విశ్వవిద్యాలయం వాళ్లు ఇంట్లో కూర్చుని చదువుకునే న్యాయశాస్త్రం డిప్లొమా పెట్టారని చదివారు. ఇన్నేళ్లూ సంతకాల కింద పడే ముద్రలు చెక్కానే గాని ఆ సంతకం పైన ఏం రాసుంటుందో ఎన్నడూ చదవలేదు, ఇప్పుడు చదువుతాను అన్నారు.

కంప్యూటరులో ఆయన దరఖాస్తు నింపింది నేనే. నింపుతూ పాఠాల జాబితా చదివాను. దారిలో దొరికిన వస్తువు ఎవరిది? పక్కింటి చెట్టుకొమ్మ మన గోడ దాటి వస్తే కోసే హక్కు మనకుందా? ఇచ్చిన మాట ఎప్పుడు మాట, ఎప్పుడు ఒప్పందం? ఆయన దరఖాస్తు పంపేశాక కుర్చీలోంచి లేవకుండా నా పేరున ఇంకొకటి నింపాను. ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగాక రెండు గుర్తింపు కార్డులు ఒకే రోజు వస్తే బయటపడింది. మామయ్యగారు నా కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, క్లాసుకు తోడు దొరికిందని మాత్రం అన్నారు.

ఏడాది గిర్రున తిరిగింది. పరీక్షలు వేసవిలో పడ్డాయి. వారానికొకటి చొప్పున నాలుగు పేపర్లు, అన్నీ ఇంటి నుంచే, అన్నీ పుస్తకం తెరిచి పెట్టుకుని రాసేవే. ఆ మాట విన్నప్పుడు మా అత్తయ్య కూరగాయల కత్తి ఆపి మరీ అడిగింది.

"పుస్తకం చూసి రాసేది కూడా పరీక్షేనా? వంటల పుస్తకం ముందు పెట్టుకుంటే ఊళ్లో అందరికీ వంట వచ్చేసినట్టేనా?"

నేనూ లోలోపల అలాగే అనుకున్నాను, అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టే కదా అని. మాదిరి ప్రశ్నలు చూశాక ఆ ధీమా కాస్తా జారిపోయింది. నిర్వచనం రాయమని ఒక్క ప్రశ్నా లేదు. ఒకాయన బస్సులో గొడుగు మరిచిపోయాడు, దాన్ని ఇంకొకాయన పట్టుకెళ్లి బాగు చేయించాడు, ఇప్పుడు బాగుచేయించిన ఖర్చు ఎవరిది? పుస్తకమంతా వెతికినా ఆ గొడుగు ఎక్కడా కనబడదు. పుస్తకం నోరు తెరుచుకునే ఉంటుంది, మాట మాత్రం మనమే అనాలి. నాకది విసుగు పుట్టించలేదు. ఎవరి తప్పెంత అని కూరలు తరుగుతూ, మెట్లు దిగుతూ, స్టాంపులకు పిడులు అతికిస్తూ ఆలోచిస్తుండేదాన్ని.

నియమాలు మాత్రం గట్టివి. పదింటికి తెర మీద ప్రశ్నలు వస్తాయి. చేత్తో రాయాలి, ఒంటిగంటకల్లా పేజీలన్నీ ఫోనుతో ఫోటో తీసి పంపాలి. గదిలో మరో మనిషి ఉండకూడదు. అచ్చయిన పుస్తకం, సొంత చేతిరాత నోట్సు తప్ప జిరాక్సు కాగితం ఒక్కటి కనబడినా ఆ పేపరు పోయినట్టే. ఇంతసేపూ కంప్యూటరు కెమెరా మనల్ని కళ్లార్పకుండా చూస్తుంటుంది. మామయ్యగారికి దుకాణం వెనకగది, నాకు మేడ మీద పడకగది. ఆ మూడు గంటలూ దుకాణానికి వచ్చినవాళ్లతో మా ఆయన సైగలతోనే బేరాలాడేవారు. ఒక నోటరీగారైతే ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని అడిగారట.

మొదటి పేపరైన రెండో రోజున విశ్వవిద్యాలయం నుంచి మామయ్యగారికి ఉత్తరం వచ్చింది. మీ జవాబులు అద్దంలో కనబడినట్టు తిరగబడి ఉన్నాయి, సరిగ్గా తీసి మళ్లీ పంపండి అని. ఆయన ఫోను ముందువైపు కెమెరాతో తీశారు, అక్షరాలన్నీ కుడిఎడమలయ్యాయి. పంపేముందు చూసుకోలేదా అని మా ఆయన అడిగారు.

"చూశాను. ప్రతి పేజీ చదివాను. శుభ్రంగానే ఉందే" అన్నారు మామయ్యగారు.

నలభై ఏళ్లు తిరగబడ్డ అక్షరాలే చదివిన కళ్లు అవి. అత్తయ్య నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రెండో పేపరు సాఫీగా గడిచింది. చిక్కు మూడోదాని దగ్గర వచ్చింది. అది కాంట్రాక్టు చట్టం. దానికి పెట్టిన లావుపాటి పుస్తకం ఊరంతా గాలిస్తే ఒక్కటే దొరికింది, మళ్లీ అచ్చయ్యేది వర్షాలు పడ్డాకేనన్నాడు పుస్తకాల షాపతను. ఏడాదంతా ఒకరి తర్వాత ఒకరం చదువుకున్నాం గాని, పరీక్ష ఇద్దరికీ ఒకే మూడు గంటల్లో. పుస్తకం మీరుంచుకోండి అన్నాను. కాదు నువ్వుంచుకో అన్నారు ఆయన. కాసేపు అటూ ఇటూ తోసుకున్నాక ఆయన రబ్బరు కోసే చాకు తెచ్చి, పుస్తకాన్ని బోర్లాపెట్టి, వీపు మీద వేలితో తడిమి నడిమి కుట్టు ఎక్కడుందో పట్టుకున్నారు. ఒకే గీతలో కోశారు. ఒక్క పేజీ చెదరలేదు.

"ముందు సగం నువ్వు తీసుకో. నాకు వెనక సగం చాలు" అన్నారు.

ముందు సగంలో ఒప్పందం ఎలా పుడుతుందో ఉంది, వెనక సగంలో ఎలా తెగుతుందో. ప్రశ్నలు ఎక్కువగా ముందు భాగం నుంచే వస్తాయని ఇద్దరికీ తెలుసు. ఆ మాట అనబోయాను. ఆయన అప్పటికే తన సగానికి అట్ట అంటిస్తున్నారు.

పరీక్ష రోజు తెర మీద నాలుగో ప్రశ్న చదివి నేను కలం పక్కన పెట్టాను. 'మౌనం అర్ధాంగీకారం అని లోకంలో ఒక మాట ఉంది. కాంట్రాక్టు చట్టం ఆ మాటను ఎంతవరకు ఒప్పుకుంటుంది? మీరెరిగిన జీవితం నుంచి ఒక సందర్భం తీసుకుని, ఏదో ఒక పక్షాన నిలబడి వాదించండి.'

గోడ గడియారం పన్నెండుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. వెతుక్కోవాల్సిన పని లేకుండా ఒక సందర్భం వచ్చి ఎదురుగా నిలబడింది.

పద్నాలుగేళ్ల కిందటి సంగతి. అప్పుడు నేను సర్వే ఆఫీసులో నకళ్లు గీసే ఉద్యోగం చేసేదాన్ని. సర్వేయర్లు తెచ్చిన పటాల మీద పల్చటి కాగితం పరిచి, ఉన్నదున్నట్టు సిరాతో దించడం నా పని. నా గీత బాగుంటుందని ఆరునెలల శిక్షణకు ఎంపిక చేశారు. వేరే ఊళ్లో ఉండి నేర్చుకోవాలి. ఆ ఎంపిక ఉత్తరం ఇంట్లో అందరికీ చూపించి అలమారాలో పెట్టాను. సరిగ్గా అప్పుడే సన్నటి అక్షరాల దగ్గర మామయ్యగారి చెయ్యి వణకడం మొదలైంది. మా ఆయనకు లెక్కాడొక్కా వచ్చుగాని అక్షరం చెక్కడం రాదు. ఒక రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు తల ఎత్తకుండా అన్నారు, రేపు మీ ఆఫీసుకు ఫోను చేసి అమ్మాయి ఇక శిక్షణకూ ఉద్యోగానికీ రాదని చెప్పేస్తాను, దుకాణానికి నీ చెయ్యి కావాలి, ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి అని. ఎవరూ మాట్లాడలేదు. నేను లేచి అందరి గ్లాసుల్లో నీళ్లు పోశాను. మర్నాడు ఆయన ఫోను చేశారు. నాలుగేళ్లు నేను అక్షరాలు చెక్కాను. తర్వాత దుకాణంలోకి లేజరు యంత్రం వచ్చింది, ఇక ఎవరి చేతితోనూ పని లేకపోయింది.

జవాబులో దుకాణాన్ని వడ్రంగి కొట్టుగా మార్చాను, నన్ను ఆ వడ్రంగి కోడలిగా రాశాను. మామగారి పక్షానే వాదించాను. నోటితో చెప్పని అంగీకారం నడవడిక వల్ల కూడా తెలియవచ్చని నా సగం పుస్తకంలో ఉంది. ఆమె అభ్యంతరం చెప్పగలిగీ చెప్పలేదు, పైగా లేచి అందరికీ నీళ్లు పోసింది, మర్నాటి నుంచి పనిలో కూర్చుంది, ఇంతకంటే నడవడిక ఏముంటుంది అని మూడు పేజీలు రాశాను. సెక్షన్ల నంబర్లు వేసి కిందగీతలు కూడా కొట్టాను. రాస్తున్నప్పుడు బాధేమీ కలగలేదు. పక్కింటివాళ్ల తగాదా వింటున్నట్టు, ఇది ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దామనే ఉంది.

నాలుగో పేపరు కూడా అయిపోయింది. పది రోజుల తర్వాత ఇద్దరికీ వేరువేరుగా ఒకే ఉత్తరం వచ్చింది. కాంట్రాక్టు పేపరు నాలుగో జవాబులో ఇద్దరూ ఒకే సందర్భం రాశారు. ఇంటి చిరునామా కూడా ఒక్కటే. ఒకరిది చూసి ఒకరు రాసినట్టు అనుమానిస్తున్నాం, కెమెరా ముందు విచారణకు రండి, నేరం రుజువైతే నాలుగు పేపర్లూ రద్దు, రెండేళ్లు పరీక్ష రాయకూడదు అని.

ఆయనా అదే సందర్భం రాశారా? ఉత్తరం మడిచి తల ఎత్తేసరికి మామయ్యగారు నా వంకే చూస్తున్నారు. ఇద్దరం ఒకేసారి చూపు తిప్పుకున్నాం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, దొంగతనం చేయకపోయినా ఇద్దరికీ దాచుకోవాల్సింది ఏదో ఉంది.

ఏం రాశారేమిటి అని మా ఆయన అడిగారు. విచారణ అయ్యేదాకా మేం మాట్లాడుకోకూడదన్నారు మామయ్యగారు. ఉత్తరంలో అలా ఎక్కడా లేదు. అయినా నేనూ అవునన్నాను. విచారణ దాకా ఉన్న నాలుగు రోజులూ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. కోర్టు వీధిలో ముద్రల మాస్టారు కాపీ కొట్టాడని తెలిస్తే ఆయన గడప దాటరని అత్తయ్య భయం. నాకు ఆ భయమూ ఉంది, దాన్ని మించి ఇంకొకటి ఉంది. ఆయన ఏం రాశారు? వంటింట్లో నిలబడి అదే ఆలోచన. నాలాగే రాసుంటారు, తన పక్షాన తాను వాదించుకుంటారు గాని ఇంకేం చేస్తారు? మరి ముందు సగం పుస్తకం లేకుండా ఏం వాదించుంటారు?

విచారణకు మొదట నన్ను పిలిచారు. తెర మీద ఇద్దరు. ఒకాయన కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నాడు. మాట్లాడింది నెరిసిన జుట్టున్న ప్రొఫెసరమ్మ. గదంతా కెమెరాతో చూపించమన్నారు, చూపించాను. ఆ సందర్భం ఎక్కడిదని అడిగారు.

"మా ఇంట్లోదేనండీ. ఆ కోడల్ని నేనే" అన్నాను.

ఆవిడ కాగితాలు సర్దుకున్నారు. "మరి మీరు మామగారి తరఫున వాదించారేం?"

"ఒప్పుకున్నాననుకుంటే ఎవరి మీదా కోపం పెట్టుకోనక్కర్లేదు కదండీ. ఇన్నేళ్లూ అలాగే అనుకుంటూ వచ్చాను. అది చట్టం ముందు నిలబడుతుందో లేదో చూడాలనిపించింది."

"నిలబడిందా?"

"అది మీరే చెప్పాలి."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఇంకో కాగితం తీశారు. "మీ మామగారు నిలబడదంటున్నారు. ఒక్క సెక్షనూ వేయలేదు, పుస్తకంలో మాట ఒక్కటీ లేదు. కాని ఇందులో ఉన్న ఒక సంగతి మీ జవాబులో లేదు. చదువుతాను, వినండి."

ఆవిడ నెమ్మదిగా చదివారు. 'ఆమె లేచి అందరి గ్లాసుల్లో నీళ్లు పోసింది. నాలుగో గ్లాసు నిండింది. నీళ్లు పొంగి బల్ల మీదుగా నేల మీదికి కారాయి. ఆమె ఇంకా పోస్తూనే ఉంది. మామగారు అది చూశాడు. చూసి, తల వంచుకుని భోజనం కానిచ్చాడు. అవతలివాడికి అర్థమయ్యాక అది మౌనం కాదు. కాబట్టి అతను అంగీకారం పొందలేదు, తీసుకున్నాడు.'

"ఈ గ్లాసు సంగతి మీరెందుకు రాయలేదు?" అని అడిగారు.

"నాకు తెలీదండీ" అన్నాను. నిజంగానే తెలీదు. నీళ్లు పోయడం గుర్తుంది, నేల తడిసింది గుర్తు లేదు. ఆ తడి ఎవరు తుడిచారో కూడా తెలీదు.

రాసుకుంటున్నాయన కలం ఆపి మొదటిసారి తల ఎత్తి చూశాడు. ప్రొఫెసరమ్మ ఇక చాలు, వెళ్లిరమ్మన్నారు. ఆపేముందు మాత్రం ఒక మాట చెప్పారు. ఇంట్లో భోజనాల దగ్గర అనుకునే మాటలు అసలు కాంట్రాక్టు కిందికే రావని, ఆ ముక్క ఇద్దరూ రాయలేదని, అందుకు ఇద్దరికీ రెండేసి మార్కులు తెగ్గోశానని.

నేను మెట్లు దిగేసరికి మామయ్యగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తయారుగా ఉన్నారు. నాకేసి చూడకుండా పైకెళ్లారు. ఇరవై నిమిషాలకు దిగారు. ఏమన్నారని అత్తయ్య అడిగితే, చూసి రాసినట్టు లేదన్నారని చెప్పి దుకాణంలోకి వెళ్లిపోయారు. అప్పుడు నేను ఇద్దరి జవాబుల సంగతీ అత్తయ్యకూ మా ఆయనకూ చెప్పాను. మా ఆయన గోడకానుకుని నిలబడ్డారు.

"ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను కదా. నా గురించి ఇద్దరిలో ఒక్కరూ రాయలేదా?"

"నువ్వేం మాట్లాడావు గనక రాయడానికి" అంది అత్తయ్య. మళ్లీ తనే, "నేను మాత్రం ఏం మాట్లాడాను" అంది.

వారంలో ఉత్తరం వచ్చింది, అనుమానం కొట్టేశారు. ఇద్దరమూ పాసయ్యాం. ఆ సాయంత్రం దుకాణంలో పని పల్చగా ఉంది. మా ఆయన సరుకు తేవడానికి వెళ్లారు. మామయ్యగారు సిరా దిమ్మలు తడుపుతున్నారు. ఇక ఆపుకోలేక అడిగేశాను.

"మామయ్యా, ఆ రోజు నేను నోరు తెరిచి వెళ్తానని చెప్పి ఉంటే ఏం చేసేవారు?"

ఆయన చేతిలో పని పూర్తి చేసి మూత పెట్టారు.

"వద్దనేవాణ్నే. కాకపోతే వద్దన్నది నేనేనని నాకు తెలిసేది. నువ్వు మాట్లాడకపోయేసరికి నాకు ఆ బాధా తప్పింది." వేళ్ల సిరా గుడ్డకు తుడుచుకుంటూ అడిగారు. "నీకు వెళ్లాలనే ఉండిందా?"

పద్నాలుగేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు.

"ఉండింది" అన్నాను.

ఆయన తల ఊపారు. క్షమించమని అనలేదు. అనుంటే నాకేం చెయ్యాలో తోచేది కాదు కూడా. కౌంటరు కింది నుంచి ఇంకో ముక్కాలిపీట లాగి నా ఎదురుగా కూర్చున్నారు. ఇంతకీ ఆ పటాల్లో ఏముంటుందో చెప్పు అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. కొండను కాగితం మీద పెట్టేటప్పుడు ఒకే ఎత్తున్న చోట్లను కలుపుతూ గీత గీస్తారని, గీతలు దగ్గరైతే వాలు నిట్టనిలువని, దూరమైతే నడవొచ్చని చెప్పాను. ఆయన ఊరుకోలేదు. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటవచ్చా? బావికి గీత ఎలా వేస్తారు? ఊరు పెరిగితే పాత పటం ఏం చేస్తారు? కోర్టు గుమాస్తా ఒకాయన స్టాంపు కోసం వచ్చి, మేం చూడకపోయేసరికి తనే వెతుక్కుని తీసుకెళ్లాడు. నా వేళ్లు కౌంటరు మీద గీతలు గీస్తున్నాయి. ఇవన్నీ నాకు ఇంకా గుర్తున్నాయని నాకే తెలీదు.

"సరే, అడ్డంగా ఏరుంది. దాటడానికి పడవ లేదు. అవతలి ఒడ్డు ఎంత దూరమో ఇవతల నిలబడే ఎలా కొలుస్తారు?" అని అడిగారు.

గీస్తున్న వేలు ఆపాను.

"అది తెలీదు మామయ్యా. వాళ్లు కొలిచి తెచ్చాక గీత దించడమే నాకు వచ్చు. ఆ గీత ఎక్కణ్నించి వచ్చిందో ఆ ఆరునెలల్లో నేర్పేవారు."

ఆయన లేచి సిరా దిమ్మలు అరలో సర్దారు. బయట వీధిలో షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

సర్వే ఆఫీసులో శనివారాలు బయటివాళ్లకు కూడా కొలతల క్లాసు చెబుతారని నాకు తర్వాత తెలిసింది. మొదటి వానలు పడుతుండగా చేరాను. నాతోటి వాళ్లంతా ఇరవైల్లో ఉన్నవాళ్లే. మొదటి రోజే ఏరు సంగతి అడిగాను. క్లాసు చెప్పే మాస్టారు ముందు నవ్వారు, తర్వాత బోర్డు మీద చెప్పారు. పది నిమిషాలు పట్టింది.

ఇంటికొచ్చాక గొడుగు ముడవకుండానే దుకాణంలోకి వెళ్లాను. కౌంటరే ఏరన్నాను. అవతలి అంచున ఒక స్టాంపు నిలబెట్టి, అది ఒడ్డున చెట్టనుకోమన్నాను. ఇవతలి అంచున రెండు పెన్సిళ్లు నిలబెట్టాను. ఈ రెండింటి మధ్య దూరం మనం కొలవగలం, ఇక్కణ్నించి చెట్టు ఎంత కోణంలో కనబడుతోందో, అక్కణ్నించి ఎంత కోణంలో కనబడుతోందో చూస్తే చాలు, ఆ రెండు చూపులూ కలిసిన చోటే చెట్టు, కాగితం మీద అదే కొలతలో గీస్తే దూరం దానంతటదే తేలుతుందని చెప్పాను. మామయ్యగారు వంగి, ఒక కన్ను మూసి, మొదటి పెన్సిలు వెనక నుంచి చూశారు. తర్వాత రెండో పెన్సిలు వెనక నుంచి చూశారు.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతే" అన్నాను.